మెదడులో గడ్డ అనుమానం: ఏ స్కాన్, ఏ యంత్రం, ఎన్నాళ్లకోసారి?

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో న్యూరాలజిస్టు గదిలోంచి చీటీ పట్టుకుని బయటికి వచ్చిన కుటుంబం ముందుగా అడిగేది "త్రీ టెస్లా (ఎక్కువ అయస్కాంత బలమున్న ఎమ్మారై యంత్రం) ఎక్కడుంది?" అని. ఆ వెంటనే "ఎక్కడ తక్కువకు తీస్తారు?" అని. రెండూ అడగదగ్గవే. వాటికంటే ముందు డాక్టరునే అడగాల్సింది ఒకటుంది: ఈ స్కాన్‌తో మీరు ఏం తేల్చుకోవాలనుకుంటున్నారు? గడ్డ ఉందో లేదో తెలియాలా? ఉన్నది కణితా, టీబీ గడ్డా, చీముగడ్డా అన్నది తేలాలా? ఆపరేషన్‌కు దారి చూసుకోవాలా? రేడియేషన్ అయ్యాక కనిపిస్తున్న మచ్చ మళ్లీ పెరుగుతున్న గడ్డా కాదా అన్నది తెలియాలా? ఈ నాలుగింటికీ ఒకే స్కాన్ సరిపోదు. చీటీ మీద "ఎమ్మారై బ్రెయిన్" అని మాత్రమే రాసి ఉంటే స్కాన్ సెంటర్‌లో మామూలు పద్ధతిలో తీసి ఇస్తారు; వారి తప్పేమీ లేదు. వారం తర్వాత సర్జన్ మరో రకం స్కాన్ అడిగితే, రెండోసారి డబ్బు కట్టేది మనమే.

సీటీ చాలేదెప్పుడు, చాలనిదెప్పుడు

అర్ధరాత్రి ఫిట్స్ వచ్చి స్పృహ తప్పిన మనిషిని ఆసుపత్రికి తెస్తే ముందు తీసేది సీటీయే. "నేరుగా ఎమ్మారై తీస్తే ఒక ఖర్చు తప్పేది కదా" అని బంధువులు నొచ్చుకుంటారు గాని, అక్కడ సీటీ తీయడమే సరైన పని. నిమిషాల్లో అయిపోతుంది. రక్తస్రావం, మెదడు గదుల్లో నీరు నిలవడం, ఎముక దెబ్బ, సున్నం పేరుకోవడం బాగా కనిపిస్తాయి. ఊపిరి నిలకడగా లేని రోగిని అరగంటకు పైగా ఇరుకు గొట్టంలో కదలకుండా పడుకోబెట్టే పరిస్థితి ఉండదు. సీటీలో ఎక్స్ కిరణాలు ఉంటాయన్న భయమూ అతిగా పెట్టుకోనవసరం లేదు. ఒక తల సీటీకి అందే మోతాదు సుమారు 2 మిల్లీసీవర్టులు. ప్రకృతిలోని వికిరణం నుంచి మనిషికి ఏడాదిలో సగటున అందేది దాదాపు అంతే ఉంటుంది. పిల్లలకు పదేపదే తీయడం మాత్రం ఆలోచించాల్సిన విషయమే.

సీటీ చేతులెత్తేసే చోట్లు వేరే ఉన్నాయి. చిన్న మెదడు, మెదడు కాండం ఉన్న వెనుక భాగంలో చుట్టూ దట్టమైన ఎముక ఉండటంతో బొమ్మ చెదురుతుంది. నెమ్మదిగా పెరిగే తక్కువ గ్రేడు గ్లయోమాలు (మెదడులోని ఆధార కణాల నుంచి పుట్టే కణితులు) సీటీలో ఏమీ లేనట్టే కనిపించవచ్చు. అందుకే పెద్ద వయసులో జీవితంలో మొదటిసారి ఫిట్స్ వచ్చి, సీటీ "నార్మల్" అని వస్తే పరీక్ష పూర్తయినట్టు కాదు. ఎమ్మారై తీయాల్సిందే.

తలనొప్పి సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. తలనొప్పులన్నిటికీ స్కాన్ అక్కర్లేదు. వాటిలో అత్యధికం గడ్డల వల్ల వచ్చేవి కావు. తెల్లవారుజామున నిద్ర లేపే నొప్పి, దానితో వాంతులు, చూపు మసకబారడం, ఒక పక్క చెయ్యీ కాలూ బలహీనపడటం, మాట తడబడటం, ఇంట్లోవాళ్లు గుర్తుపట్టేంతగా ప్రవర్తన మారడం ఉంటే ఆలస్యం చేయకూడదు. ఏ లక్షణమూ లేకుండా "ఒకసారి చూసుకుందాం" అని ప్యాకేజీలో తల ఎమ్మారై తీయించుకోవడాన్ని నేను సమర్థించను. మెదడులో ఏ హానీ చేయని చిన్న తిత్తులు, మచ్చలు చాలామందికి ఉంటాయి. కనిపించాక వాటి వెంట తిరగడం మొదలవుతుంది.

కాంట్రాస్ట్ వద్దనుకోవాలా?

మామూలు ఎమ్మారైకీ, బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి మందు ఎక్కించి తీసే కాంట్రాస్ట్ ఎమ్మారైకీ మధ్య ధరలో తేడా ఉంటుంది. దానితోపాటు ఇంజక్షన్ అంటే భయం. ఈ రెండింటితో "ముందు ప్లెయిన్ తీయించి చూద్దాం" అనుకునేవారు చాలామంది. పక్షవాతం, పాత దెబ్బ లాంటి వాటికి ప్లెయిన్ చాలు. గడ్డ అనుమానం ఉన్నప్పుడు మాత్రం కాంట్రాస్ట్ లేని స్కాన్ అసంపూర్ణం. మెదడు రక్తనాళాలకు సహజంగా ఒక అడ్డుగోడ ఉంటుంది. కణితి ఉన్నచోట ఆ గోడ దెబ్బతిని, గాడోలినియం మందు బయటికి కారి, ఆ భాగం తెల్లగా వెలుగుతుంది. ఎంత భాగం వెలిగింది, అంచు మాత్రమే ఉంగరంలా వెలిగిందా, మొత్తం ఒకే తీరుగా వెలిగిందా అన్నదాన్ని బట్టే రోగనిర్ధారణ సగం నడుస్తుంది. వెలగలేదు కాబట్టి కణితి కాదని కూడా అనలేం. తక్కువ గ్రేడు గ్లయోమాలు చాలావరకు వెలగవు.

మందు మోతాదు సాధారణంగా కిలో బరువుకు 0.1 మిల్లీమోల్. దీనిలో రెండు జాతులున్నాయి. గాడోలినియం అణువును పంజరంలా చుట్టి పట్టుకునే మాక్రోసైక్లిక్ రకాలు, అంటే గాడోటెరేట్, గాడోబ్యూట్రాల్ లాంటివి. వదులుగా పట్టుకునే లీనియర్ రకాలు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో పాత లీనియర్ రకాల వల్ల చర్మం, కండరాలు బిగుసుకుపోయే అరుదైన జబ్బు రావడం గమనించారు. పదేపదే కాంట్రాస్ట్ తీసుకున్నవారి మెదడులో ఈ లోహం ఆనవాళ్లు మిగులుతున్నాయని 2014లో జపాన్ పరిశోధకులు చూపించారు. దాని వల్ల హాని జరుగుతున్నట్టు రుజువు కాలేదు. అయినా యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2017లో గాడోడయమైడ్ సహా కొన్ని లీనియర్ రకాలను నిలిపివేసింది. గడ్డ ఉన్న మనిషికి ఏళ్ల తరబడి స్కాన్లు పడతాయి కనుక "ఏ కాంట్రాస్ట్ ఇస్తున్నారు? మాక్రోసైక్లిక్ అయితే బాగుంటుంది" అని అడగడం చాదస్తం కాదు.

ఇంజక్షన్‌కు ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష అడుగుతారు. షుగర్, బీపీ ఉన్నవారు, వయసు పైబడినవారు దాన్ని తప్పించుకోవాలని చూడకూడదు. గర్భిణులకు తప్పనిసరైతే తప్ప గాడోలినియం ఇవ్వరు. కాంట్రాస్ట్ లేని ఎమ్మారై అవసరమైతే తీస్తారు. పాలిచ్చే తల్లి పాలు మాన్పించాల్సిన పని లేదు, పాలలోకి చేరేది అత్యల్పం. సీటీ కాంట్రాస్ట్‌లో ఉండేది అయోడిన్, ఇది వేరే మందు. సీటీ ఇంజక్షన్‌కు దద్దుర్లు వచ్చిన మనిషికి గాడోలినియానికీ వస్తాయని లేదు. విషయం టెక్నీషియన్‌కు చెప్పి తీరాలి.

ఒకటిన్నర టెస్లానా, మూడా?

టెస్లా అంటే అయస్కాంత బలం కొలత. సిద్ధాంతం ప్రకారం మూడు టెస్లాలో సంకేతం దాదాపు రెట్టింపు అందుతుంది. ఆ లాభంతో బొమ్మను మరింత సన్నని ముక్కలుగా తీయవచ్చు, లేదా అదే బొమ్మను త్వరగా తీయవచ్చు. ప్రకటనల్లో రాయనిది మరొకటుంది. పాత ఆపరేషన్ తాలూకు లోహపు క్లిప్పులు, ప్లేట్లు, పళ్ల కట్లు ఉంటే వాటి చుట్టూ బొమ్మ చెదరడం కూడా మూడు టెస్లాలోనే ఎక్కువ. శరీరంలో అమర్చిన కొన్ని పరికరాలకు ఒకటిన్నర టెస్లా వరకే అనుమతి ఉంటుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. గడ్డ ఉందో లేదో చూసే మొదటి స్కాన్‌కు, మెనింజియోమా (మెదడు పైపొరల నుంచి పుట్టే గడ్డ) లాంటివి ఏడాదికోసారి చూసుకోవడానికి, మంచి స్థితిలో ఉన్న 1.5 టెస్లా యంత్రం నూటికి నూరుపాళ్లు సరిపోతుంది. దగ్గరలో అది ఉండగా మూడు టెస్లా కోసం నరసరావుపేట నుంచో, గుడివాడ నుంచో అదనపు ప్రయాణం అక్కర్లేదు. పిట్యూటరీ గ్రంథిలో పది మిల్లీమీటర్ల కంటే చిన్న గడ్డను వెతకడానికి, మూర్ఛకు కారణమైన అతి చిన్న లోపాన్ని పట్టడానికి, ఆపరేషన్‌కు ముందు నాడీ మార్గాల పటం తీయడానికి, గడ్డలోని రసాయనాలను చూపే స్పెక్ట్రోస్కోపీకి మూడు టెస్లా ఉంటే నిజంగా మేలు. రెండు పక్కలా తెరిచి ఉండే తక్కువ బలం ఓపెన్ యంత్రాలు ఇరుకంటే భయపడేవారికి ఊరటనిస్తాయి. గడ్డ విషయంలో మాత్రం వాటితో సరిపెట్టుకోవద్దు. రక్తప్రసరణను కొలిచే పెర్ఫ్యూజన్, స్పెక్ట్రోస్కోపీ లాంటివి వాటిలో సరిగా రావు.

టెస్లా కంటే ముందు చూడాల్సింది ఏయే వరుసల్లో (ఒకే మెదడును వేర్వేరు తీరుల్లో చూపే బొమ్మల రకాల్లో) తీశారన్నది. 2015లో మెదడు కణితుల స్కాన్‌కు అంతర్జాతీయ నిపుణులు ఒక కనీస పద్ధతి మీద ఏకాభిప్రాయానికి వచ్చారు. కాంట్రాస్ట్‌కు ముందూ తర్వాతా త్రీడీ టీ1, ఫ్లెయిర్, టీ2, డిఫ్యూజన్ అందులో ఉంటాయి. ఒకటిన్నర టెస్లాలో ఇవన్నీ తీసిన స్కాన్, మూడు టెస్లాలో అయిదు మిల్లీమీటర్ల మందం ముక్కలతో హడావిడిగా ముగించిన స్కాన్ కంటే మేలు. ఫోను చేసి "కాంట్రాస్ట్ తర్వాత త్రీడీ టీ1 ఒక మిల్లీమీటరు మందంతో తీస్తారా?" అని అడగండి. అవతలి మనిషి తడుముకోకుండా జవాబు చెబితే ఆ సెంటర్‌లో ఈ పని తెలిసినవారు ఉన్నట్టే.

అదనపు పరీక్షల్లో ఏది ఎవరికి?

డబ్బు వృథా అయ్యేదీ ఇక్కడే, డబ్బుకు తగ్గ ఫలితం వచ్చేదీ ఇక్కడే.

డిఫ్యూజన్ గురించి బేరమాడనక్కర్లేదు, మామూలు స్కాన్‌లోనే వస్తుంది. నీటి అణువులు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయో అది చూపిస్తుంది. ఉంగరంలా వెలిగే గడ్డ లోపల చీము ఉంటే ఆ చిక్కదనంలో నీరు కదలలేక డిఫ్యూజన్‌లో మెరుస్తుంది. కుళ్లిన కణితి మధ్యభాగం సాధారణంగా అలా మెరవదు. ఒకరికి యాంటీబయాటిక్, మరొకరికి క్యాన్సర్ వైద్యం. అంత పెద్ద నిర్ణయానికి ఈ కొద్ది నిమిషాల బొమ్మ ఆధారమవుతుంది. లింఫోమా అనే మరో రకం క్యాన్సర్‌లో కూడా డిఫ్యూజన్ మెరుస్తుంది. ఆ అనుమానం ఉన్నప్పుడు బయాప్సీకి ముందు స్టెరాయిడ్ ఇస్తే గడ్డ కరిగిపోయి ముక్కలో ఏమీ దొరకకపోవచ్చు. అందుకే స్కాన్ చూసేదాకా స్టెరాయిడ్ ఆపమని కొందరు డాక్టర్లు అంటారు. మందులషాపులో అడిగి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ తెచ్చుకునే అలవాటు ఉన్నవారు ఇది గమనించాలి.

మన దేశంలో మరో చిక్కుంది. ఉంగరంలా వెలిగే మచ్చ కనబడితే పాశ్చాత్య పాఠ్యపుస్తకం ముందు క్యాన్సర్ పేరు చెబుతుంది. మన దగ్గర టీబీ గడ్డ, పంది బద్దెపురుగు లార్వా వల్ల వచ్చే సిస్టిసెర్కోసిస్ కూడా ఆ వరుసలోనే నిలబడతాయి. తిత్తి లోపల చిన్న చుక్కలా పురుగు తల కనిపిస్తే సందేహమే ఉండదు. కనిపించనప్పుడు స్పెక్ట్రోస్కోపీ అక్కరకు వస్తుంది. ఆ భాగంలోని రసాయనాల మోతాదును అది గీతల రూపంలో చూపుతుంది. కణాలు వేగంగా పెరిగేచోట కోలీన్ లేస్తుంది, నాడీకణాలు నశించేచోట వాటిలో ఉండే ఎన్‌ఏఏ అనే రసాయనం పడిపోతుంది. టీబీ గడ్డలో కొవ్వు శిఖరం ఒంటరిగా లేచి నిలబడుతుంది. అయితే సెంటీమీటరు కంటే చిన్న మచ్చలకు, పుర్రె ఎముకకు ఆనుకున్నవాటికి, రక్తం కారినవాటికి ఈ పరీక్ష నమ్మదగ్గది కాదు. అలాంటి మచ్చకు స్పెక్ట్రోస్కోపీ రాశారంటే ఎందుకో ఒక మాట అడగవచ్చు.

పెర్ఫ్యూజన్ రక్తప్రసరణను కొలుస్తుంది. దూకుడుగా పెరిగే గడ్డ తనకు తాను కొత్త రక్తనాళాలు కట్టుకుంటుంది, అక్కడ రక్తం పరిమాణం పెరుగుతుంది. బయాప్సీ సూది ఎక్కడ దించాలో నిర్ణయించడానికి, రేడియేషన్ తర్వాత వచ్చే సందేహాలకు ఇది చాలా విలువైనది. కాంట్రాస్ట్‌తో చేసేది ఒక పద్ధతి. రక్తంలోని నీటినే గుర్తుగా వాడుకునే ఏఎస్ఎల్ మరొకటి, దానికి ఇంజక్షన్ అక్కర్లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఏఎస్ఎల్ వరం.

ఫంక్షనల్ ఎమ్మారై, ట్రాక్టోగ్రఫీ ఆపరేషన్ నిర్ణయమయ్యాకే అవసరం. చేతులు కదిపే చోటు, మాట పుట్టే చోటు, అక్కడి నుంచి దిగే నాడీ మార్గాలు గడ్డకు ఎంత దూరంలో ఉన్నాయో ఇవి చూపుతాయి. మాటల పరీక్షలో తెరపై బొమ్మ చూపి పేరు అనుకోమంటారు, లేదా ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు తలుచుకోమంటారు. తెనాలి పక్క పల్లెలో పుట్టి పెరిగిన రైతుకు ఆ పని ఇంగ్లిషులో ఇస్తే వచ్చే పటాన్ని ఎవరూ నమ్మకూడదు. ప్రశ్నలు తెలుగులో ఉన్నాయా అని ముందే కనుక్కోండి. ముందురోజు ఇంటి దగ్గర ఒకసారి సాధన చేయిస్తే ఇంకా మంచిది.

సర్జన్ నావిగేషన్ (స్కాన్ బొమ్మల ఆధారంగా ఆపరేషన్‌లో దారి చూపే కంప్యూటర్ పద్ధతి) వాడతారేమో తెలుసుకుని, ఆ పద్ధతిలోనే స్కాన్ తీయమని చీటీ మీద రాయించుకుంటే రెండో స్కాన్ తప్పే అవకాశం ఎక్కువ. గామా నైఫ్ లాంటి రేడియో సర్జరీకి వెళ్లేవారికీ ఇదే మాట.

వినికిడి ఒక చెవిలో తగ్గి, వినికిడి నాడి గడ్డ అనుమానం ఉంటే తల మొత్తానికి బదులు ఆ నాడి దారిని సన్నని ముక్కలుగా తీసే ప్రత్యేక స్కాన్ ఉంటుంది. పిట్యూటరీకి డైనమిక్ కాంట్రాస్ట్ స్కాన్ వేరు, దానికి ముందు ప్రొలాక్టిన్ అనే హార్మోన్ రక్తపరీక్ష. వీటిని మామూలు తల ఎమ్మారైలో కలిపేసుకుంటే తప్పిపోతాయి.

పెట్ స్కాన్ గురించి చాలామంది అడుగుతారు. మామూలు ఎఫ్‌డీజీ పెట్ గ్లూకోజు వాడకాన్ని చూపుతుంది. మెదడు స్వతహాగానే గ్లూకోజును విపరీతంగా వాడుతుంది కనుక గడ్డ ఆ వెలుగులో కలిసిపోతుంది. మెదడుకు పనికొచ్చేవి అమైనో ఆమ్లాల పెట్ పరీక్షలు. వాటిలో మెథియోనిన్ రకానికి వాడే కార్బన్-11 అర్ధాయువు ఇరవై నిమిషాలే. దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం ఆ ఆవరణలోనే ఉంటే తప్ప సాధ్యం కాదు. ఎమ్మారైతో తేలని పరిస్థితిలో మాత్రమే పెద్ద నగరానికి వెళ్లాల్సిన పరీక్ష ఇది.

ఇన్ని తీసినా ఎమ్మారై బయాప్సీకి ప్రత్యామ్నాయం కాదు. 2021 ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం గ్లయోమా పేరు పెట్టాలంటే ఐడీహెచ్, 1పీ/19క్యూ లాంటి జన్యు పరీక్షలు కావాలి. టీ2లో తెల్లగా మెరిసే గడ్డ ఫ్లెయిర్‌లో అంచు తప్ప నల్లబడితే ఐడీహెచ్ జన్యువులో మార్పున్న ఆస్ట్రోసైటోమా (గ్లయోమాల్లో ఒక రకం) కావచ్చని రేడియాలజిస్టు గట్టిగానే ఊహించగలరు. అప్పుడు కూడా అది ఊహే.

వైద్యం మొదలయ్యాక యంత్రం మార్చవద్దు

మొదటి స్కాన్‌కు సెంటర్లు వెతికిన కుటుంబం, రెండో ఏడాదికి వచ్చేసరికి ఎక్కడ తక్కువ ధర దొరికితే అక్కడికి వెళుతుంది. నేను గట్టిగా వద్దనేది దీన్నే. ఒకసారి మూరతో, మరోసారి గజంతో కొలిచి బట్ట పెరిగిందా తరిగిందా అని వాదులాడుకున్నట్టు ఉంటుంది. ముక్కల మందం, తల వంపు, ఇంజక్షన్ తర్వాత ఎంతసేపటికి బొమ్మ తీశారన్నది మారితే గడ్డ కొలత మారుతుంది. వీలైనంతవరకు అదే సెంటర్, అదే యంత్రం, అదే పద్ధతి. మార్చక తప్పకపోతే పాత స్కాన్ సీడీ వెంట ఉండాలి.

ఏడాదికి సగటున నాలుగు మిల్లీమీటర్ల చొప్పున పెరిగే తక్కువ గ్రేడు గ్లయోమాను ఆరు నెలలకోసారి చూస్తే ప్రతిసారీ తేడా రెండు మిల్లీమీటర్లు. అది కొలత పొరపాటులో కలిసిపోయేంత చిన్నది. ప్రతి రిపోర్టులోనూ "గతంతో పోలిస్తే చెప్పుకోదగ్గ మార్పు లేదు" అనే వస్తుంది. మూడేళ్ల కిందటి మొదటి స్కాన్ పక్కన పెట్టి చూస్తే సెంటీమీటరుకు పైగా పెరిగి ఉంటుంది. అబద్ధం ఎవరూ రాయలేదు, పాత స్కాన్ తీసి చూడలేదు అంతే. కనుక రేడియాలజిస్టుకు కిందటి స్కాన్ ఒక్కటే ఇవ్వకండి, అన్నిటికంటే పాతదీ ఇవ్వండి. "మొదటి దానితో కూడా పోల్చి రాయండి" అని అడగండి.

ఎన్నాళ్లకోసారి అన్నది గడ్డను బట్టి ఉంటుంది. ఆపరేషన్ తర్వాత 48 గంటల్లోపు, మహా అయితే 72 గంటల్లోపు ఒక కాంట్రాస్ట్ ఎమ్మారై ఉండాలి. ఆ తర్వాత కోత గాయమే వెలగడం మొదలై, మిగిలిన గడ్డకూ గాయానికీ తేడా తెలియకుండా పోతుంది. డిశ్చార్జి హడావిడిలో ఈ స్కాన్ జారిపోకుండా చూసుకోవాలి. తర్వాతి పోలికలన్నిటికీ అదే పునాది. అన్నిటికంటే దూకుడైన గ్లయోమా అయిన గ్లయోబ్లాస్టోమాకు ఆరు వారాల రేడియేషన్ ముగిసిన సుమారు నెల తర్వాత ఒక స్కాన్, తర్వాత 2 నుంచి 3 నెలలకోసారి. తక్కువ గ్రేడు గ్లయోమాకు 3 నుంచి 6 నెలలు. లక్షణాలు లేకుండా అనుకోకుండా బయటపడిన చిన్న మెనింజియోమాకు ఆరు నెలలకు ఒకటి, తర్వాత ఏడాదికోసారి. మీ డాక్టరు ఈ లెక్కను మార్చితే దానికి కారణం ఉంటుంది, అడిగి తెలుసుకోండి.

రేడియేషన్ తర్వాతి మొదటి మూడు నెలలు కుటుంబాలను బాగా కలవరపెడతాయి. స్కాన్‌లో గడ్డ పెద్దదైనట్టు కనిపిస్తుంది, మనిషి మాత్రం నిలకడగా ఉంటాడు. చికిత్సకు దెబ్బతిన్న కణజాలం వాచి, కాంట్రాస్ట్ కారి, పెరుగుదలలా కనిపించడం ఇది. సూడోప్రోగ్రెషన్ అంటారు. అందుకే గడ్డ తగ్గిందా పెరిగిందా అని స్కాన్లతో తేల్చడానికి నిపుణులు 2010లో తెచ్చిన రానో ప్రమాణాలు మొదటి 12 వారాల్లో, రేడియేషన్ పడిన ప్రాంతానికి వెలుపల కొత్త మచ్చ వస్తేనో, బయాప్సీలో తేలితేనో తప్ప జబ్బు ముదిరిందని తేల్చవద్దన్నాయి. 2023లో వాటిని సవరించినప్పుడు రేడియేషన్ తర్వాతి స్కాన్‌నే పోలికకు ఆధారంగా తీసుకోవాలన్నారు. ఈ దశలో పెర్ఫ్యూజన్‌కు పెట్టే డబ్బు వృథా కాదు: రక్తప్రసరణ తక్కువైతే చికిత్స ప్రభావం కావచ్చు, ఎక్కువైతే గడ్డే కావచ్చు. అయినా తేలకపోతే నాలుగు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ తీసి చూడటం తరచు సరైన నిర్ణయమవుతుంది. మందు పనిచేయలేదనుకుని రిపోర్టు చూసిన రోజే టెమొజొలొమైడ్ అనే కీమో మందు మానేసి ఆకుపసరు వైద్యానికి వెళ్లేవారిని ఆపగలిగేది ఈ ఒక్క సంగతి తెలియడమే.

దీనికి తిరగబడ్డ మోసం కూడా ఉంది. గడ్డ రక్తనాళాల మీద పనిచేసే బెవాసిజుమాబ్ మందు ఇచ్చాక రక్తనాళాలు బిగిసి వెలుగు ఒక్కసారిగా తగ్గిపోతుంది. గడ్డ కరిగిందని సంతోషించే ముందు, వెలగని గడ్డనూ చూపే ఫ్లెయిర్ బొమ్మ చూడాలి. స్టెరాయిడ్ కూడా వెలుగును తగ్గిస్తుంది. కనుక స్కాన్ రోజున ఏ స్టెరాయిడ్, రోజుకు ఎన్ని మిల్లీగ్రాములు వాడుతున్నారో కాగితం మీద రాసి ఇవ్వండి. రిపోర్టు రాసేవారికి అది నిజంగా ఉపయోగపడుతుంది.

గుంటూరులోనా, విజయవాడలోనా, ప్రభుత్వంలోనా?

రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు ముప్పై అయిదు కిలోమీటర్లే. కనుక ఊరిని బట్టి కాదు, వైద్యం ఎక్కడ జరగబోతోందో దాన్ని బట్టి ఎంచుకోవడం మేలు. ఆపరేషన్ జరిగే ఆసుపత్రిలోనే స్కాన్ ఉంటే బొమ్మలు సర్జన్ కంప్యూటర్‌లోకి నేరుగా వెళతాయి, ధర కాస్త ఎక్కువైనా తర్వాతి తిరుగుడు తప్పుతుంది. విడి సెంటర్‌లో తీయిస్తే ఫిల్ములతో సరిపెట్టుకోకండి, సీడీగానో పెన్‌డ్రైవ్‌గానో అసలు డైకామ్ ఫైళ్లు (కంప్యూటర్‌లో తెరిచి చూసే స్కాన్ బొమ్మలు) తీసుకోండి. ఫిల్మును కిటికీ వెలుతురులో పెట్టి వాట్సాప్‌లో పంపిన ఫొటో చూసి సలహా చెప్పమని హైదరాబాద్ డాక్టరును అడగడం ఆయనకూ ఇబ్బంది, మీకూ నష్టం.

డబ్బు కష్టమైతే విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు, మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. అక్కడ వరుసలో నిరీక్షణ ఉంటుంది. ఏడాదికోసారి చూసుకునే మెనింజియోమాకు ఆ నిరీక్షణతో నష్టం లేదు, తేదీ ముందే రాయించుకుంటే చాలు. చూపు పోతున్న మనిషికి, రోజురోజుకూ కాలు ఈడుస్తున్న మనిషికి అలా కుదరదు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్ చేయించుకోబోయేవారు బయట సొంత డబ్బుతో స్కాన్ తీయించే ముందు ఆసుపత్రిలోని పథకం సహాయ కేంద్రంలో మాట్లాడాలి. ప్యాకేజీలో ఏది చేరుతుందో, ఏది చేరదో అక్కడ చెబుతారు.

గదిలోకి వెళ్లే ముందు

పేస్‌మేకర్, చెవిలో అమర్చిన కాక్లియర్ ఇంప్లాంట్, మెదడు రక్తనాళం మీద పాత క్లిప్పు ఉంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పాలి, వాటి కాగితాలు వెంట తేవాలి. మెదడులో నీరు తీయడానికి షంట్ వేసినవారిలో కొందరికి బయటి నుంచి సరిచేసే కవాటం ఉంటుంది. అయస్కాంతం దాన్ని కదిలించవచ్చు. స్కాన్ అయ్యాక న్యూరోసర్జన్ చేత సెట్టింగ్ చూపించుకోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో లేతు, వెల్డింగ్ పని చేసినవారు ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడిందేమో గుర్తుచేసుకుని చెప్పాలి. ముందు కంటికి ఎక్స్‌రే తీస్తారు.

తాళిబొట్టు, మెట్టెలు, మొలతాడు, తాయెత్తు, పిన్నీసులు, జడపిన్నులు అన్నీ తీయాల్సిందే. "తాళి తీయకూడదు" అన్న పట్టింపుతో గది ముందు వాదన జరుగుతూనే ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లతో ముందే మాట్లాడుకుని పసుపుతాడు కట్టుకొస్తే గొడవ ఉండదు. జరీ కూడా లోహమే కాబట్టి మంగళగిరి పట్టుచీర ఆరోజుకు వద్దు, ఎలాగూ గౌను ఇస్తారు.

ప్లెయిన్ స్కాన్‌కు ఇరవై నుంచి ముప్పై నిమిషాలు, కాంట్రాస్ట్, పెర్ఫ్యూజన్ కలిస్తే ముప్పావు గంట, గంట పడుతుంది. చెవులకు రక్షణ అడిగి పెట్టించుకోండి, శబ్దం గట్టిగా ఉంటుంది. ఇరుకంటే భయమున్నవారు ముందే చెబితే తేలికపాటి మత్తు ఇచ్చే ఏర్పాటు చేస్తారు. చిన్నపిల్లలకు మత్తు డాక్టరు ఉన్న సెంటర్ తప్ప మరోచోటు వద్దు, ధర ఎంత తక్కువైనా సరే. ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉంచాలో వారే చెబుతారు. ఫిట్స్ మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా ఆ పూట మానకూడదు.

రెండు స్కాన్ల మధ్య కొత్తగా ఫిట్స్ వచ్చినా, వాంతులతో తలనొప్పి పెరుగుతున్నా, మనిషి మత్తుగా జోగుతున్నా, చెయ్యి పట్టు తప్పినా, తర్వాతి స్కాన్ తేదీ కోసం ఆగకుండా 108కి ఫోను చేసి దగ్గరలోని ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. పాత సీడీ, వాడుతున్న మందుల చీటీ చేతిలో ఉంచుకోండి. అక్కడ ముందు సీటీ తీస్తే అభ్యంతరపెట్టవద్దు.